డాబా లేకపోయినా ఒరుగులు!

ఎండ కావాలి... డాబా కావాలి... కాకులను తోలడానికి ఓ మనిషి కావాలి. అపార్ట్‌మెంట్లలో ఈ మూడింటికీ కరవే. అందుకే ఒరుగుల పని ఇప్పుడు వంటింటి గట్టు మీదకు చేరుతోంది, డీహైడ్రేటర్ రూపంలో. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నారా? అయితే ముందు ఇది చదవండి.

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే ఒకప్పుడు డాబాల మీద అడుగు పెట్టే చోటుండేది కాదు. ఓ పక్క పాత చీర మీద సగ్గుబియ్యం వడియాలు, మరో పక్క చాప మీద మాగాయ ముక్కలు, పళ్లేల్లో చల్ల మిరపకాయలు, చేటల్లో కాకరకాయ ఒరుగులు. బడికి సెలవులు కాబట్టి కాపలా ఉద్యోగం పిల్లలది. సగం ఎండిన వడియాలు మాయమైతే నేరం మాత్రం ఎప్పుడూ కాకులదే!

ఇప్పుడు ఇల్లు అయిదో అంతస్తులో. టెర్రస్ మీద నీళ్ల ట్యాంకులు, సోలార్ పలకలు. దాని తాళం వాచ్‌మన్ దగ్గర. బాల్కనీలోకి ఎండ వచ్చేది రెండు గంటలు, పావురాలు వచ్చేది రోజంతా. ఇక ఒరుగులు పెట్టేదెక్కడ? చాలా ఇళ్లలో అవి కొనుక్కునే సరుకైపోయాయి. చేయడం తెలిసిన అత్తగారో, అమ్మమ్మో ఇంట్లో ఉన్నా చోటు లేక ఊరుకుంటున్నారు. ఆ లోటును తీరుస్తానంటూ వచ్చిందే ఈ బుల్లి యంత్రం.

హీటరు, ఫ్యాను... అంతే!

కూరగాయ పాడవడానికి ప్రధాన కారణం అందులోని నీరు. బూజుకైనా, బ్యాక్టీరియాకైనా బతకడానికి తడి కావాలి. టమాటాలో సుమారు 94 శాతం, మామిడిపండులో 83 శాతం, అరటిపండులో 75 శాతం నీరే. ఆ నీటిని తీసేస్తే వాటికి చోటుండదు. మన ఒరుగుల వెనకా, ఎండుద్రాక్ష వెనకా ఉన్న సూత్రం ఇదే.

డీహైడ్రేటర్ పేరు పెద్దదే కానీ లోపల ఉన్న సరంజామా కొంచెమే. హీటరు గాలిని వేడి చేస్తుంది. ఫ్యాను ఆ గాలిని జల్లెడలాంటి ట్రేల మధ్య నుంచి తోస్తుంది. ముక్కల్లోని తేమను మోసుకుని గాలి బయటికెళ్లిపోతుంది. వేడిని మనం పెట్టిన దగ్గర నిలబెట్టడానికి థర్మోస్టాట్ ఉంటుంది. సాధారణంగా 35 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకూ పెట్టుకోవచ్చు.

వీటిలో రెండు రకాలు. ఇడ్లీ రేకుల్లా ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చే గుండ్రటిది మొదటిది. ఇందులో ఫ్యాను చాలావరకూ అడుగునే ఉంటుంది కాబట్టి కింది ట్రేలోవి ముందు ఎండుతాయి. రెండు మూడు గంటలకోసారి ట్రేలను కిందా మీదా మార్చాలి. ఓవెన్‌లా తలుపుండే పెట్టె రెండోది. ఫ్యాను వెనక ఉండటంతో గాలి అన్ని ట్రేలకూ దాదాపు సమానంగా అందుతుంది. ధర మాత్రం ఎక్కువ.

త్వరగా అయిపోతుంది కదా అని వేడి మరీ పెంచితే మొదటికే మోసం. ముక్క పైభాగం చెక్కలా గట్టిపడి, లోపలి నీరు లోపలే ఉండిపోతుంది. చేత్తో పట్టుకుంటే గలగలలాడుతుంది. డబ్బాలో పెట్టాక కొన్నాళ్లకు బూజు పడుతుంది. మైక్రోవేవ్‌లో ఒరుగులు కుదరకపోవడానికి కారణం కూడా అలాంటిదే. అక్కడ తేమను లాక్కెళ్లే గాలి ఉండదు. ముక్కలు ఉడుకుతాయి తప్ప ఎండవు.

ఎండ కంటే గొప్పదా?

కాదు. రాయలసీమ, తెలంగాణల్లో ఏప్రిల్, మే ఎండల ముందు ఏ వంటింటి యంత్రమూ నిలవదు. పైగా ఆ ఎండ ఉచితం. అయిదారు ట్రేల చిన్న యంత్రంలో ఒక విడతకు కిలో, కిలోన్నర ముక్కలు పడితే గొప్ప. ఏడాదికి సరిపడా వడియాలూ అప్పడాలూ అందులో పెడదామంటే రోజుల తరబడి అది తిరుగుతూనే ఉండాలి. కిలోల లెక్కన పెట్టేవాటికి ఇప్పటికీ ఎండే దిక్కు.

యంత్రం విలువ తెలిసేది ఎండ లేనప్పుడు. ఆరుబయట సరిగా ఎండాలంటే కనీసం 30 డిగ్రీల వేడి, గాలిలో 60 శాతం కంటే తక్కువ తేమ ఉండాలని ఆహార నిపుణులు చెబుతారు. జులైలో ముసురు పట్టాక ఆ రెండోది ఎక్కడ దొరుకుతుంది? సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలోనైతే ఎండ మాడ్చేస్తున్నా గాలిలో తేమ వదలదు. పగలు ఎండిన ముక్క రాత్రికి మళ్లీ మెత్తబడుతుంది. అమెరికాలో మంచు కురిసే చోట్ల ఉంటున్న మనవాళ్లదీ ఇదే బాధ. ఇలాంటి చోట యంత్రం రాత్రీ పగలూ ఒకేలా పనిచేస్తుంది. దుమ్ము, ఈగల బెడద ఉండదు. నేరుగా వెలుతురు తగలదు కాబట్టి విటమిన్-ఎ నష్టం కూడా తగ్గుతుంది. విటమిన్-సి మాత్రం ఎండలో పెట్టినా, యంత్రంలో పెట్టినా చాలావరకూ పోతుంది.

అమ్మమ్మ చెప్పిందే శాస్త్రం

గోరుచిక్కుళ్లను ఉప్పునీళ్లలో ఓ ఉడుకు రానిచ్చి తర్వాత ఎండబెట్టడం మన ఇళ్లలో పాత అలవాటే. ఎందుకని అడిగితే, ‘అలా చేస్తేనే బాగుంటాయి’ అనేవారు. కూరగాయల్లోని ఎంజైములు కోసిన తర్వాత కూడా పనిచేస్తూ రంగునూ రుచినీ పాడుచేస్తుంటాయి. మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచితే వాటి జోరు ఆగుతుంది. క్యారెట్, బీన్స్, బఠాణీలకు యంత్రంలో పెట్టేముందు ఇలా చేయడం తప్పనిసరి. ఉల్లి, టమాటా, మిరపకాయ, ఆకులకు అక్కర్లేదు. అరటిపండు, యాపిల్ ముక్కలు నల్లబడకుండా కాసేపు నిమ్మరసం కలిపిన నీళ్లలో వేసి తీస్తే సరిపోతుంది.

ముక్కలన్నీ ఒకే మందంలో ఉండటం మరో కిటుకు. అయిదారు మిల్లీమీటర్లు చాలు. సగం పలచగా, సగం మందంగా తరిగితే కొన్ని మాడేసరికి కొన్ని పచ్చిగానే ఉంటాయి. ట్రేలో ఒకదానిమీద ఒకటి పడకుండా పరవాలి. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి, ఊట పిండాక ట్రేలో పెట్టుకోవచ్చు. మామిడి తాండ్రకైతే జల్లెడ ట్రే మీద జారిపోకుండా పలకలాంటి షీటు వేసి, గుజ్జును పలచగా పరవాలి. ఒక పొర ఎండాక దాని మీద మరో పొర... భీమాలి తాండ్ర అంత మందం రాకపోయినా పిల్లల డబ్బాలోకి చుట్టి పెట్టేంత వస్తుంది.

గిట్టుబాటవుతుందా?

చిన్న యంత్రం నాలుగైదు వేల రూపాయల నుంచి దొరుకుతోంది. అసలు ప్రశ్న కరెంటు బిల్లు. 350 వాట్ల యంత్రం పది గంటలు తిరిగితే మూడున్నర యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే పాతిక రూపాయలు. కిలోన్నర టమాటాలు పెడితే చివరికి మిగిలేది వంద గ్రాములు. కిలో పది రూపాయలున్నప్పుడు కొంటే టమాటాకు పదిహేను, కరెంటుకు పాతిక... మొత్తం నలభై రూపాయలు. అవే టమాటాలు కిలో వంద పలికే రోజున నూట యాభై!

ఇది ఊహ కాదు. 2023 జులైలో కిలో టమాటా వంద దాటి, కొన్నిచోట్ల రెండొందలకు చేరింది. రెండు నెలలు తిరిగేసరికి ధర పడిపోయి రాయలసీమలో రైతులు పారబోసుకున్నారు. చవగ్గా ఉన్నప్పుడు ఎండబెట్టి, ప్రియమైనప్పుడు వాడుకుంటే యంత్రం డబ్బులు క్రమంగా రాబట్టుకోవచ్చు. కిలో ముప్ఫై, నలభై రూపాయలకు కొని ఎండబెడితే మాత్రం లాభం పెద్దగా ఉండదు. కట్టలకు కట్టలు తెచ్చి సగం పారేసే కొత్తిమీర, పుదీనా, కరివేపాకు ఉన్నాయే... నిజానికి ఎక్కువ ఇళ్లలో మొదట కలిసొచ్చేది వాటితోనే.

ఇదే సూత్రం పెద్ద ఎత్తున ఏం చేయగలదో కూడా మన దేశంలోనే చూడొచ్చు. ఎస్‌ఫర్‌ఎస్ టెక్నాలజీస్ అనే సంస్థ సౌరశక్తితో నడిచే డ్రయర్లను మహిళా రైతులకు అందించి, వాళ్లు ఎండబెట్టిన సరుకును కొనుగోలు చేస్తోంది. వృథాను తగ్గించే విభాగంలో 2023లో ఎర్త్‌షాట్ బహుమతి గెలుచుకుంది.

మాంసం దగ్గర ఆచితూచి...

తెలంగాణ పల్లెల్లో ఎండబెట్టిన మాంసం తునకలు ఎంతమందికి ప్రీతో చెప్పక్కర్లేదు. డీహైడ్రేటర్ కొన్నాక చాలామందికి వాటి మీదకే మనసు పోతుంది. ఇక్కడ మాత్రం తొందరపాటు పనికిరాదు. పచ్చి మాంసాన్ని 50, 60 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే నీరు పోతుందే కానీ బ్యాక్టీరియా అంతా చావదు. ఎండిపోయే కొద్దీ అది వేడిని తట్టుకునే శక్తి కూడా పెంచుకుంటుంది. 1995లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఇంట్లో ఎండబెట్టిన జింక మాంసం తిని కొందరు ఈ.కొలై బారిన పడ్డారు.

అందుకే అమెరికా వ్యవసాయ శాఖ ఒక నియమం చెబుతుంది. మాంసం ముక్క లోపలిదాకా 71 డిగ్రీలు, కోడిమాంసమైతే 74 డిగ్రీలు వేడెక్కేలా ముందే ఉడికించి, ఆ తర్వాతే ఎండబెట్టాలి. ఆ వేడి కొలిచే థర్మామీటరు లేకపోతే కూరగాయలతో సరిపెట్టుకోవడమే క్షేమం.

పండ్ల విషయంలో మరో జాగ్రత్త. నీరు పోతుంది కానీ చక్కెర ఎక్కడికీ పోదు. వంద గ్రాముల ద్రాక్షలో 70 కేలరీలు ఉంటే, వంద గ్రాముల ఎండుద్రాక్షలో దాదాపు 300. ‘ఇంట్లో చేసిందేగా’ అంటూ గుప్పిళ్లకొద్దీ నమిలితే కష్టం. ఇంట్లో మధుమేహం ఉన్నవాళ్లుంటే మరీనూ.

ఏది ఎంతసేపు?

* కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, మెంతికూర: 35-40 డిగ్రీలు, రెండు నుంచి నాలుగు గంటలు. నలిపితే పొడి కావాలి.

* బెండ, కాకర, వంకాయ, గోరుచిక్కుడు: 52-57 డిగ్రీలు, ఆరు నుంచి పది గంటలు. వంచితే ఫెళ్లున విరగాలి.

* టమాటా: 57-60 డిగ్రీలు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. పొడి కొట్టుకోవాలంటే పెళుసుగా అయ్యేదాకా ఉంచాలి.

* మామిడి, అరటి, సపోటా: 57 డిగ్రీలు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. తోలులా వంగాలి. చీల్చినచోట తడి కనపడకూడదు.

వర్షాకాలంలో వీటికి మరో గంటో రెండు గంటలో కలుపుకోండి. ముక్కలను వేడి మీద కాకుండా చల్లారాక పరీక్షించండి. వేడిగా ఉన్నప్పుడు అన్నీ మెత్తగానే అనిపిస్తాయి.

డబ్బాకెత్తే ముందు...

ఎండాయి కదా అని వెంటనే మూత బిగించి అటకెక్కించొద్దు. చల్లారిన ముక్కలను గాజు సీసాలో మూడింట రెండొంతులు నింపి, వారం రోజులు రోజుకోసారి కుదపండి. ఒక ముక్కలో మిగిలిన తేమ మిగతావాటికి సమానంగా సర్దుకుంటుంది. సీసా లోపల నీటి చుక్కలు కనిపించాయా... మళ్లీ యంత్రంలో పెట్టాల్సిందే. ఒక్క ముక్కకు బూజు పట్టినా సీసా మొత్తం పారేయాలి. పెద్ద సీసాను రోజూ తెరిస్తే తేమ చేరుతుంది కాబట్టి చిన్నచిన్న సీసాల్లో సర్ది, వెలుతురు తగలని చల్లటి చోట పెట్టండి. కూరగాయల ఒరుగులు ఆరు నెలల్లోపు వాడేస్తే మంచిది.

వండేముందు అరగంట వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీటిని పులుసులోనో చారులోనో పోసేయండి. అందులోకి దిగిన రుచి వృథా కాదు.

యంత్రం పెట్టే చోటు కూడా చూసుకోవాలి. ఫ్యాను రాత్రంతా గుయ్యిమంటూనే ఉంటుంది. ఉల్లిపాయలు పెడితే ఆ వాసన ఇల్లంతా పరుచుకుంటుంది. మిరపకాయలు పెడితే దగ్గులే దగ్గులు. వాటికి బాల్కనీయే సరైన చోటు. కొనేటప్పుడు థర్మోస్టాట్, టైమర్ ఉన్నాయో లేదో, ట్రేలు ఆహారానికి పనికొచ్చే రకమో కాదో తప్పక అడగండి. వేడిని మార్చుకునే వీల్లేనిది ఎంత చవగ్గా వచ్చినా దండగే. కరివేపాకుకూ టమాటాకూ ఒకే వేడి పనికిరాదు కదా!

చివరగా ఒక్క మాట. ఏ కాయను ఎంత మందం కోయాలో, దేనికి ఉప్పు పట్టించాలో, దేన్ని మజ్జిగలో నానబెట్టాలో యంత్రంతో వచ్చే పుస్తకంలో ఉండదు. ఆ సంగతులు ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. మొదటి విడత ముక్కలు కోసే రోజున వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.