పదహారు గళ్లలో లక్ష్మి

‘లక్ష్మి’ అన్న మాటలో రెండో అక్షరాన్ని ఒకసారి నిదానంగా చూడండి. నెత్తిన గుడి, నడుమ కకారం, దానికి ష ఒత్తు, అది చాలదన్నట్టు మ ఒత్తు. కాగితం మీద కలం దీన్ని అలవోకగా చుట్టేస్తుంది. ఇదే అక్షరాన్ని అంగుళానికి 96 పిక్సెళ్లున్న డెస్క్‌టాప్ తెర మీద 12 పాయింట్ల సైజులో చూపాలంటే నిలువునా దక్కేవి 16 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కలు వేసే లేజర్ ప్రింటరైతే ఇదే పనికి 50 చుక్కలు ఇస్తుంది. తెరకు ఆ వెసులుబాటు లేదు. గుడి, అక్షరం, ఒత్తులు, వాటి నడుమ ఖాళీ అన్నీ ఆ 16 గళ్లలోనే సర్దుకోవాలి. సర్దగానే వంపులు మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. ఆ మెట్లను నునుపు చేసే విద్య ఎలా పుట్టి పెరిగిందో చూద్దాం.

మొదట్లో మెట్లను దాచే ప్రయత్నమే లేదు. 1984లో వచ్చిన మెకింతోష్ తెర 512 × 342 పిక్సెళ్లది. ప్రతి పిక్సెల్ నలుపో తెలుపో, మధ్యస్థం లేదు. ఆ యంత్రానికి సుజాన్ కేర్ అక్షరాలను గడి గడికీ చేత్తో దిద్దారు. అందంగానే ఉండేవి కానీ, సైజు మారితే మళ్లీ మొదటి నుంచి గీయాల్సిందే.

అందుకే అక్షరాన్ని గళ్లుగా కాక గీతగా దాచుకునే పద్ధతి వచ్చింది. మన చుక్కల ముగ్గు లాంటిదే ఇది. ఫాంట్ ఫైలులో ఉండేవి చుక్కలు, వాటిని ఆనుకుని తిరిగే వంపులు. చుక్కల మధ్య దూరం పెంచితే ముగ్గు పెద్దదవుతుంది, తగ్గిస్తే చిన్నదవుతుంది, ఆకారం చెడదు. చిక్కంతా ఆ ముగ్గును తెర గళ్లలోకి దించేటప్పుడే. వంపు ఒక గడిలో పదింట నాలుగు వంతులే ఆక్రమించిందనుకోండి. ఆ గడికి నలుపు వేయాలా, తెలుపు వేయాలా?

రెండూ వద్దు, నలభై శాతం బూడిద రంగు వేయండి అన్నదే యాంటీ-అలయాసింగ్. 1970లలో ఎంఐటీలో నికొలస్ నెగ్రోపోంటీ బృందం ఇలాంటి మెత్తని అక్షరాలతో ప్రయోగాలు చేసింది. 1980లో, జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేస్తున్న జాన్ వార్నాక్ బూడిద ఛాయలతో అక్షరాలు చూపే పద్ధతిని సిగ్‌గ్రాఫ్ సదస్సు పత్రంలో వివరించారు. రెండేళ్ల తర్వాత చార్లెస్ గెష్కీతో కలిసి అడోబీని స్థాపించింది ఆయనే. దగ్గర నుంచి చూస్తే ఇలా గీసిన అక్షరం అలుక్కుపోయిన సిరాలా ఉంటుంది. చదివే దూరంలో కన్ను ఆ బూడిదను కలిపేసుకుని అంచును నున్నగా చూస్తుంది.

ఆ మెత్తదనం అందరికీ నచ్చలేదు. సన్నటి గీత రెండు గళ్ల మధ్య పడితే రెండూ బూడిదై మసకబారుతుంది. దానికి విరుగుడు హింటింగ్. ‘ఈ గీత ఒక గడికి అతుక్కోవాలి, ఈ రెండు గీతల మందం సమానంగా ఉండాలి’ అని ఫాంట్‌లోనే ఆదేశాలు రాసిపెట్టడం. ఆపిల్ ఇంజినీరు సాంపో కాసిలా రూపొందించిన ట్రూటైప్‌లో ఆ ఆదేశాలు నిజంగా చిన్న చిన్న ప్రోగ్రాములే. అడోబీ తన ఫాంట్ల రహస్యాలను బయటపెట్టని రోజులవి. 1989 సెప్టెంబరులో ఆపిల్, మైక్రోసాఫ్ట్ ట్రూటైప్ విషయంలో చేతులు కలిపాయి. మరుసటి ఏడే అడోబీ తన టైప్ 1 ఫాంట్ల రహస్యాన్ని అందరికీ తెరిచింది. పోటీ వల్ల చదువరికి మేలు జరిగిన సందర్భం అది.

తర్వాతి మలుపు రంగులది. ఎల్‌సీడీ తెర మీద ప్రతి పిక్సెల్ నిజానికి పక్కపక్కన నిలబడ్డ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు మూడు. వాటిని విడివిడిగా వెలిగిస్తే అడ్డంగా మూడు రెట్లు సూక్ష్మంగా గీయవచ్చు. మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత చురుగ్గా రంగులో తేడాను పట్టదు కాబట్టి ఈ యుక్తి చెల్లుతుంది. 1998 నవంబరులో బిల్ గేట్స్ దీన్ని క్లియర్‌టైప్ పేరుతో ప్రకటించారు. విండోస్ ఎక్స్‌పీలో అది ఉన్నా, ముందే ఆన్ చేసి ఇచ్చింది విస్టా నుంచే.

ఇక్కడే తెలుగువాడిగా నాకు చెప్పాల్సిన మాట ఉంది. ఆ మూడు రెట్ల లాభం అడ్డంగానే. ఇంగ్లిష్ అక్షరాలకు నిలువు గీతలే ఆధారం గనుక వాటికి అది సరిగ్గా అతికింది. మన అక్షరానికి నిలువు స్తంభాలు లేవు. అది గుండ్రం. పైగా దాని కిక్కిరింపు పైకీ కిందికీ: పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. తొలినాటి క్లియర్‌టైప్ నిలువు దిశలో నునుపు చేయనే లేదు. దాంతో మన వంపుల పైభాగం, అడుగు మెట్లుగానే మిగిలాయి. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ నిలువు నునుపును జోడించింది. తెలుగు చదువరికి క్లియర్‌టైప్ కంటే అదే పెద్ద మేలని నా తీర్పు.

వెలుగు లెక్క ఇంకొకటి ఉంది. తెరకు 0 నుంచి 255 వరకు ఉన్న కొలతలో సగం, అంటే 128 ఇస్తే వచ్చే వెలుగు పూర్తి వెలుగులో 22 శాతమే. దీన్ని గామా అంటారు. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా బూడిద కలిపితే తెల్ల తెర మీద నల్ల అక్షరం లావెక్కుతుంది, నల్ల తెర మీద తెల్ల అక్షరం చిక్కిపోతుంది. తెలుగులో ఒత్తు లోపలి సన్నటి ఖాళీలు ముందుగా మూసుకుపోయేది అందుకే.

నునుపు చేయకముందు ఇంకో మెట్టు కూడా ఉంది: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అన్న వరుసను చూసి ఏ ఆకారం గీయాలో తేల్చుకోవడం. అది తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ్ఞ అక్షరానికి, దాని దీర్ఘానికి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన సందేశం వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ‘జ్ఞానం’ మొదటి అక్షరం దగ్గరే అంత పెద్ద సాఫ్ట్‌వేర్ తడబడిందంటే, మన లిపిని ఎంత తక్కువ పరీక్షించారో అర్థమవుతుంది.

అంగుళానికి 326 పిక్సెళ్లతో 2010లో ఐఫోన్ 4 వచ్చాక ఫోన్లలో మెట్ల బాధ చాలావరకు తీరింది. 2018లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో రంగు పట్టీల యుక్తిని పక్కన పెట్టేసింది కూడా. కానీ ఆఫీసుల్లో, బడుల్లో, ఇళ్లలో 96 దరిదాపు తెరలు ఇంకా కోకొల్లలు. వాటి ముందు కూర్చునే వాళ్ల కళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. తెర రిజల్యూషన్ దాని అసలు సంఖ్యలోనే ఉంచండి; తగ్గిస్తే ఏ నునుపూ కాపాడలేదు. అక్షరం చిన్నదనిపిస్తే స్కేలింగ్ శాతాన్ని పెంచండి. విండోస్‌లో క్లియర్‌టైప్ ట్యూనర్ తెరిచి మీ కంటికి నచ్చిన నమూనాను ఎంచుకోండి. లినక్స్‌లో హింటింగ్‌ను ‘స్లైట్’ దగ్గర పెట్టండి. అది గీతలను నిలువు దిశలోనే సర్ది మన గుండ్రాలను అడ్డంగా నొక్కకుండా వదిలేస్తుంది. తెరను నిలువుగా తిప్పి వాడేవాళ్లు రంగు పట్టీల పద్ధతి మాని బూడిద నునుపునే వాడండి.

సరిచేసేటప్పుడు ఇంగ్లిష్ వాక్యాన్ని చూసి తృప్తి పడకండి. ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’ అని టైపు చేసి, ఒత్తు లోపలి ఖాళీ కనిపించేదాకా సవరించండి.