మంచు దుప్పటి, సముద్రపు అల

భూమికి ఉత్తరం కొసన ఆర్కిటిక్ మహాసముద్రం ఉంది. అక్కడి చలికి సముద్రం నీరే గడ్డకడుతుంది. ఉప్పునీరు కదా, సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. ఇంకా 1.8 డిగ్రీలు కిందికి దిగాలి.

చెరువులో గుర్రపుడెక్క దట్టంగా పేరుకుంటే ఏమవుతుంది? ఎంత గాలి వీచినా అలలు లేవవు. సముద్రం మీది మంచు కూడా అంతే. గాలిని నీటికి తగలనివ్వదు. దూరం నుంచి వచ్చే అలల జోరునూ తగ్గిస్తుంది. చిన్న అలలు మంచు అంచులోనే అణగిపోతాయి. పొడుగాటి పెద్ద అలలు మాత్రం చాలా దూరం లోపలికి చొరబడతాయి.

అలలు ఊరుకుంటాయా? మంచు పుట్టేటప్పుడే దాన్ని కుదురుగా ఉండనివ్వవు. ముందు సన్నని మంచు పలుకులు నీటిపై తేలుతాయి. అవి చేరి గుండ్రని బిళ్లలవుతాయి. అలల ఊపుకు బిళ్లలు గుద్దుకుంటాయి. వాటి అంచులు పళ్లెం అంచుల్లా పైకి లేస్తాయి. చూస్తే సముద్రం నిండా అట్లు పోసినట్టుంటుంది! చలి ముదిరితే అవన్నీ అతుక్కుని పెద్ద పలకవుతుంది.

ఆ పలకను కూడా పెద్ద అల కింద నుంచి ఎత్తి దించుతుంది. మంచు ఎక్కువ వంగలేదు. ఫెళ్లున విరుగుతుంది. బెల్లం అచ్చు కన్నా నలగ్గొట్టిన బెల్లం త్వరగా కరుగుతుంది కదా! ముక్కలైన మంచూ అంతే.

భూమి వేడెక్కుతున్న కొద్దీ ఆర్కిటిక్‌లో మంచు తగ్గుతోంది. మంచు లేని నీరు ఎంత దూరం పరుచుకుంటే, గాలికి అల అంత పెద్దదవుతుంది. కుంటలో లేచే అల, సముద్రంలో లేచే అల ఒకటి కావు. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు బాగా తగ్గింది. 1979 నుంచి ఉపగ్రహాలతో రాస్తున్న లెక్కల్లో అంతకుముందు అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ నెలలోనే అలాస్కాకు ఉత్తరాన ఉన్న బోఫోర్ట్ సముద్రంలో తుపాను రేగింది. అలలు దాదాపు 5 మీటర్ల ఎత్తు లేచాయి. అంత అల మంచును విరుస్తుంది. మంచు తగ్గితే అల ఇంకా పెరుగుతుంది.

దీని దెబ్బ మనుషులకూ తగులుతోంది. అలాస్కా అమెరికాలోని ఒక రాష్ట్రం. అక్కడ చిన్న దీవి మీద షిష్మరెఫ్ అనే ఊరుంది. జనం సుమారు 600. సీల్ వేట, చేపల వేట వాళ్ల బతుకు. పూర్వం చలికాలం ముందు తుపానులు వచ్చే వేళకు ఒడ్డున మంచు పట్టేది. అదే ఊరికి గోడ. ఇప్పుడు మంచు ఆలస్యంగా పడుతోంది. అలలు నేరుగా ఒడ్డును కొడుతున్నాయి. గడ్డకట్టి గట్టిగా ఉండే నేల కూడా మెత్తబడుతోంది. 1997 అక్టోబరు తుపానులో ఒడ్డు కోసుకుపోయింది. కొన్ని ఇళ్లను ఉన్నపళంగా వెనక్కి జరపాల్సి వచ్చింది. తరువాత ఒడ్డు వెంట బండరాళ్లు పేర్చారు.

ఊరు వదిలి వెళ్దామా అని 2002లో ఓట్లు వేసుకున్నారు. వెళ్దామనే అన్నారు. 2016లో మళ్లీ వేశారు. 89 మంది వెళ్దామన్నారు, 78 మంది ఉందామన్నారు. పుట్టిన ఊరు కదా! పైగా ఊరు మార్చడానికి బోలెడు డబ్బు కావాలి. జనం ఇంకా అక్కడే ఉన్నారు.