మావళ్ళి టిఫిను

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూళ్ళకూ అప్పట్లో జిల్లా కచేరీ అనంతపురమే. బేరాలు మాత్రం బెంగళూరులో. ధర్మవరం పట్టుచీర చిక్కపేటకు పోయేది, హిందూపురం చింతపండూ బెల్లమూ బెంగళూరు మండీకి పోయేవి. కాబట్టి మా తరానికి పెద్ద హోటలంటే లాల్‌బాగ్ రోడ్డులోని మావళ్ళి టిఫిన్ రూమ్స్, అదే ఎమ్‌టీఆర్.

మా నాయన చీరల మూట పట్టుకొని ధర్మవరంలో మీటరుగేజి బండెక్కితే నేనూ వెంట పోయేవాణ్ణి. పెనుకొండ కోట కొండ కనబడేసరికి నాకు ఆకలి మొదలయ్యేది. హిందూపురంలో ఎక్కే చింతపండు వ్యాపారులు ఏ హోటల్లో ఏది బాగుంటుందో వాదులాడుకుంటుంటే అది ఇంకా పెరిగేది. చీరలు మంచి ధరకు పోతే మావళ్ళిలో టిఫిను, పోకపోతే అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం. చిక్కపేట సావుకారి ముఖం చూసి ఆ పూట ఏం తింటామో చెప్పేసేవాణ్ణి.

ఉడుపి వైపు పారంపళ్ళి నుంచి వచ్చిన మయ్య అన్నదమ్ములు 1924లో పెట్టిన హోటలిది. 1951లో యజ్ఞనారాయణ మయ్య ఐరోపా పోయి, అక్కడి హోటళ్ళ శుభ్రత చూసొచ్చి, ఇక్కడ పాత్రలు ఆవిరితో కడిగించడం మొదలుపెట్టారు. ఇప్పుడున్న చోటికీ పేరుకీ మారింది 1960లో. తినడానికొచ్చిన వాళ్ళను వంటిల్లు చూసి పొమ్మనడం అక్కడి పద్ధతి. మొదటిసారి ఆ వంటింటి పొగలో నిలబడి నాయన అన్నమాట గుర్తుంది: "హోటలాయప్ప వంటింట్లోకి రమ్మంటున్నాడంటే, వాని దగ్గర దాచేదేం లేదురా అబ్బీ."

నేను అడిగేది ఎప్పుడూ రవ్వ ఇడ్లీయే. ఉగ్గాని, బజ్జీ తిని పెరిగిన నోటికి అది కొత్త. ఆవాలు, కరివేపాకు తిరగమోత వేసిన రవ్వను పెరుగులో కలిపి ఆవిరి మీద ఉడికించి, పైన జీడిపప్పు. పక్కన ఆలుగడ్డ సాగు, చిన్న గిన్నెలో నెయ్యి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను బర్మాను పట్టుకున్నాక అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. ఆ కరువులో బియ్యానికి బదులు గోధుమ రవ్వతో ఇడ్లీ చేసిన ఘనత తమదేనంటారు మావళ్ళివాళ్ళు. కరువులో పుట్టిన పలహారానికి అంత నెయ్యేమిటో!

1975లో ఎమర్జెన్సీ వచ్చింది. హోటళ్ళలో తిండి తక్కువ ధరకే అమ్మాలని ప్రభుత్వం ఆజ్ఞ. ఆ ధరకు అమ్మాలంటే నెయ్యి తగ్గించాలి, లేదా నూనె కలపాలి. మయ్యలు రెండూ చెయ్యకుండా కొన్నేళ్ళు హోటలే మూసేశారు. పనివాళ్ళను వదులుకోలేక పిండ్లు, పొడులు పొట్లాలు కట్టి అమ్మారు. ఆ కబురు ధర్మవరం చేరినప్పుడు మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. జరీ ధర పెరిగినప్పుడల్లా నాసిరకం జరీతో చీర నేయించి అంటగట్టే వాళ్ళు మా ఊళ్ళోనూ ఉండేవాళ్ళు. నాయనకు వాళ్ళంటే మంట. "సరుకు చెడగొట్టేదానికంటే అంగడి మూసేది మేలు" అని మయ్యలను మెచ్చుకున్నాడు. ఇంట్లో మగ్గం ఖాళీగా ఉన్న రోజుల్లో ఆ మాటనడం తేలిక కాదని నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక అర్థమైంది.

ఈమధ్య మా అబ్బాయి కారులో మళ్ళీ పోయినాను. రైలు కిటికీలోంచి చూసే పెనుకొండ ఇప్పుడు హైవే మీది ఊరు. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ దాటి పోవాలి. మావళ్ళికి శాఖలు పుట్టాయి, సింగపూరు, దుబాయిలలో కూడా. "బ్రాంచిలో అయితే నిలబడే పని లేదు కదా నాయనా, దగ్గర్లోనిదానికి పోదాం" అన్నాడు మావాడు. శాఖలో ఇదివరకు తిన్నాను, రుచిలో తేడా నాకు తెలియలేదు. అయినా లాల్‌బాగ్ రోడ్డుకే పొమ్మన్నాను. పేరు రాయించుకొని మేడమీద కూర్చుంటే, పక్కన చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన ముసలాయన కలిశాడు. ఆయనదీ నా కథే, చీరలకు బదులు ఉల్లిగడ్డలు. పిలుపు వచ్చేలోపు ఇద్దరం ఎవరి రైలుదారి స్టేషన్లు వాళ్ళం వరసగా అప్పజెప్పుకున్నాం. మావాడు ఫోన్లోంచి తలెత్తలేదు. వెండి లోటాలో కాఫీ వచ్చాక మాత్రం వాడూ ఫోను పక్కన పెట్టాడు.

ఒక సంగతి చాలామందికి తెలియదు. ఎమర్జెన్సీలో పనివాళ్ళ కోసం మొదలైన ఆ పొట్లాల వ్యాపారం పెరిగి పెద్దదై, 2007లో నార్వే దేశపు ఓర్‌క్లా కంపెనీ చేతికి పోయింది. హోటలు మాత్రం మయ్యల కుటుంబం దగ్గరే ఉంది. హిందూపురం కిరాణా కొట్లో అదే పేరుతో దొరికే రవ్వ ఇడ్లీ పొట్లానికీ, లాల్‌బాగ్ రోడ్డు వంటింటికీ ఇప్పుడు యజమానులు వేరు. మా ఆవిడకు ఈ గొడవలేం పట్టవు. పొట్లం కొననివ్వదు, రవ్వ తానే వేయించుకొని పుల్ల పెరుగు కలుపుతుంది. నెయ్యి మాత్రం డాక్టరు చెప్పినంతే.