ఈత బావికి కంచె - ముందు ఏర్పాట్లు



ఎండాకాలం వచ్చిందంటే మా జక్రాన్‌పల్లి వైపు పిల్లలు ఇంట్లో నిలవరు. వీపుకు సొరబుర్రో, ఖాళీ డబ్బానో కట్టుకొని పొలం బావిలో దూకుతారు. మనకు స్విమ్మింగ్ పూలంటే అదే గదా! ఈత నేర్వవలసిందే. నా భయమల్లా ఎవరూ చూడనప్పుడు గట్టు మీదికి నడిచిపోయే పసివాళ్ల గురించే. నిరుడు మా మరిది కొడుకు, మూడేళ్లవాడు, అట్లాగే కాలు జారాడు. పక్కనే పనిచేస్తున్న ఆమె రెక్క పట్టి లాగింది గనుక దక్కాడు.

చుట్టూ ఇనుప కంచె వేయిద్దామంటే, "పసుపు మార్కెట్టుకు పోయి పైసలు రానీ" అన్నారు మావారు. నిజమే, అంత ఖర్చు ఒక్కసారి అందరికీ వీలుకాదు. కాని రేపటి కంచెకు కావలసిన ఏర్పాటు ఇప్పుడే తక్కువలో చేసుకోవచ్చును.

మొదట గట్టు. నీళ్లు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లో చూడండి. కదిలిన రాతికట్టును ముందు బాగుచేయించాలి. నల్లరేగడి వానకు వుబ్బుతుంది, ఎండకు పగులుతుంది. అందుకని స్తంభాల గుంతలు అంచుకు ఆనించి కాక, వెనక గట్టినేలలో తీయించాలి.

తర్వాత స్తంభం కంటె కాస్త లావు గొట్టం ముక్కను గుంతలో నేలకు సమానంగా నిలిపి కాంక్రీటు పోయించండి. వారం రోజులు తడపండి. గొట్టం నోటికి మూత బిగించకపోతే వాననీళ్లు నిలిచి తుప్పుపడుతుంది, దోమలూ చేరతాయి. పైసలు వచ్చినాక స్తంభం దింపి బిగించుకోవడమే.

మోటారు తీయడానికి, పూడిక ఎత్తడానికి ఒకవైపు వూడదీసే పలక వుండేటట్లు ఇప్పుడే చోటు గుర్తుపెట్టండి. గేటు మెట్ల దగ్గర వుండాలి, బయటికి తెరుచుకోవాలి, తనంతట తానే మూసుకోవాలి. స్టార్టరు డబ్బాను కంచె బయటికి మార్పించండి. ఇనుముకు కరెంటు తీగ తగలరాదు. పిల్లలు నీళ్లలో వున్నంతసేపు మెయిను ఆపివుంచాలి.

కంచె ఎత్తు 4 అడుగులకు తగ్గరాదు. సలాకల సందు 4 అంగుళాల లోపే వుండాలి. అడ్డసలాకలైతే పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు, నిలువువే మేలు.

అంతవరకు ముళ్లకంపైనా అడ్డం వేయించండి. కంచె వచ్చినా సరే, పిల్లలు ఈతకు పోతే ఈత వచ్చిన పెద్దమనిషి ఒకరు గట్టున వుండాల్సిందే.