నీటి మీద దావత్... నీళ్లు పోయింది మన దిక్కు నుంచే!

చేవెళ్ల: పుట్టినరోజైనా, పెళ్లిరోజైనా, కొలువు నుంచి రిటైరైనా ఇంటి ముందు టెంటు వేసి, ఊరందరినీ పిలిచి దావత్ ఇవ్వడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. పట్నంలో మాత్రం కొన్నాళ్లుగా మరో ముచ్చట నడుస్తోంది. చుట్టపక్కాలను లాంచీ ఎక్కించి, హుస్సేన్‌సాగర్ చుట్టూ తిప్పుతూ మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. పర్యాటక సంస్థ పెద్ద లాంచీలను ఇలాంటి విందులకు అద్దెకిస్తుంది.

లుంబినీ పార్కు రేవు నుంచి లాంచీ కదిలితే ఒకవైపు ట్యాంక్‌బండ్, మరోవైపు నెక్లెస్ రోడ్డు, ఉత్తరాన సంజీవయ్య పార్కు కనిపిస్తాయి. 2023లో ప్రారంభమైన కొత్త సచివాలయం, అదే ఏడు ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కూడా నీటి మీద నుంచే చూడవచ్చు. నడిమధ్య రాతిగుట్టపై బుద్ధుడు నిలబడి ఉంటాడు.

శంకర్‌పల్లి నుంచి కాలువ

ఈ విందుకు, మన ఊళ్లకు పాత చుట్టరికం ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 1560ల్లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ కట్టినప్పుడు మూసీ నీటిని మళ్లించేందుకు కాలువ తవ్వారు. అదే బుల్కాపూర్ నాలా. శంకర్‌పల్లి దిక్కున మొదలై కోకాపేట, నార్సింగి, మణికొండల మీదుగా పట్నం చేరేది. కబ్జాలతో, మట్టి నింపడంతో అది నేడు చాలాచోట్ల ఆనవాలు కోల్పోయింది. మంచినీటి దారి మూసుకుపోగా, కూకట్‌పల్లి నాలా తెచ్చే మురుగు సాగర్‌లో చేరింది. ఖర్చు పెట్టి దావత్ చేసుకునేవారు సైతం ఎండాకాలంలో ముక్కు మూసుకోక తప్పడం లేదంటే కారణం ఇదే.

1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) మొయినాబాద్‌కు చెరో పక్కన ఉన్నాయి. ఈ జంట జలాశయాల రక్షణకే 1996లో 111 జీవో వచ్చి 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో అవి సడలాయి. భూముల ధర పెరిగితే రైతుకు మేలే. కానీ వాగులు పూడితే ఈ చెరువులకూ హుస్సేన్‌సాగర్ గతి పట్టదా అన్న ప్రశ్నకు జవాబు దొరకాలి.

ఆనందం విషాదం కాకుండా...

నీటికి చుట్టరికం తెలియదు. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బల్లకట్టు ఒరిగి విగ్రహం సాగర్‌లో మునిగింది, ప్రాణాలూ పోయాయి. 1992 డిసెంబర్ 1న గాని అది గుట్టపైకి చేరలేదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల విహారానికి బయలుదేరిన లాంచీ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. ఎక్కిన 77 మందిలో 26 మందే బతికి బయటపడ్డారు. 2025 జనవరి 26 రాత్రి ఇదే హుస్సేన్‌సాగర్‌లో పడవ మీద బాణసంచా కాలుస్తుండగా మంటలు లేచాయి.

కనుక లాంచీ మాట్లాడుకునేవారు ముందుగా ఎంతమందికి అనుమతి ఉందో అడగాలి. పిల్లలనూ లెక్కలో చేర్చాలి. ఎక్కగానే ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి. పట్టుచీర నలుగుతుందనో, అన్నం తినడానికి అడ్డమనో తీసి పక్కన పెట్టరాదు. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరితే లాంచీ ఒరుగుతుంది. టపాకాయలు అసలే వద్దు. ఈదురుగాలి లేస్తే కేకు కోయకున్నా సరే, ఒడ్డుకు మళ్లించమనాలి. తిన్న విస్తళ్లు, గ్లాసులు సంచిలో వేసి రేవుకు తేవాలి.

ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మను ఆడి చెరువుకు సాగనంపే ఊళ్లివి. చెరువుకు మర్యాద ఇవ్వడం ఇక్కడివారికి ఒకరు నేర్పనక్కరలేదు. బుల్కాపూర్ నాలా హద్దులు తేల్చి, పూడిక తీసి, మళ్లీ నీళ్లు పారించే పని అధికారులు చేపట్టాలి. మిగిలిన వాగులనైనా కబ్జా కాకుండా చూసుకునే బాధ్యత మాత్రం గ్రామాలదే.