దీర్ఘసమాసములు: అక్షరవిభాగము, పదవిభాగము

మా గుడిమల్కాపూరున ఛందఃపాఠము చెప్పుచుండఁగా నొక విద్యార్థి తన యూరిపేరునకే గురులఘువులు గుర్తింపఁబూని, "అయ్యా, ఇందలి మకారము హ్రస్వము గదా, గురువెట్లగును?" అని యడిగెను. లక్షణము వానికిఁ గంఠస్థమే. సంశయము మాత్రము తీఱలేదు. వాఁడు గు, డి, మ, ల్కా, పూర్ అని వ్రాసికొనియుండెను. చిక్కంతయు నచ్చటనే యున్నది.

మన లిపి యొకరీతిగాను, చెవి వేఱొకరీతిగాను విభజించును. లిపియందు సంయోగమంతయుఁ బరస్వరముతోఁ గూడి "ల్కా" యగును. ఉచ్చారణమందు లకారము పూర్వస్వరమును జేరి "మల్-కా" యగును. హల్లు సాధారణముగాఁ బరస్వరమున కంగమనియు, సంయోగాదియు నవసానమందలి హల్లును బూర్వస్వరమున కంగములనియుఁ దైత్తిరీయప్రాతిశాఖ్యము చెప్పుచున్నది. సంయోగము పరమగునపుడు హ్రస్వమునకుఁ బాణిని విధించిన గురుసంజ్ఞ దీనికి సరిపడియే యున్నది.

ఇఁక సమాసములు. "శ్రీమదాంధ్రమహాభారతము" అనుచోట "దాం" అనునది యొక్క యక్షరమే. అందలి దకారము "శ్రీమత్" శబ్దాంతతకారమునకు జశ్త్వమున వచ్చినది. ఆకారము "ఆంధ్ర" శబ్దమునకు మొదలు. ఒక్క యక్షరమున రెండు పదములు కలసియున్నవి. కావున నక్షరవిభాగమే పదవిభాగమని తలఁపరాదు. "సుధాకర" శబ్దమును సు-ధా-క-ర యని యెన్నిమాఱులు విడఁదీసినను, అది సుధకు ఆకరమో, సుధామయములగు కరములు గలదో తేలదు. అది విగ్రహవాక్యమువలననే తెలియవలెను.

అయినను పదజ్ఞానము లేక యక్షరజ్ఞానమును బూర్ణము గాదు. "రాజప్రసాదము" సిద్ధసమాసము గావున జకారము గురువు. "అతఁడు ప్రజలను" అనుచోఁ బదములు వేఱు గావున "డు" లఘువుగనే నిలుచును. రెంటను బరమైనది ప్రకారమే. భేదమునకు సమాసమే హేతువు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. కాన్‌స్టాంటినోపిల్ పేరునుండి పోలెండు భాషలో వినోదార్థము కల్పించిన "కొన్‌స్తాంతినొపొలితాంచికొవ్యానెచ్కా" యను పదమును వారి లిపిలో వ్రాసినచో నచ్చులు 13 కనఁబడును. పలుకునపు డక్షరములు 12 మాత్రమే. "వ్యా" యనుచోట వారు వ్రాయు ఇకారము హల్లును మృదువుచేయు గుర్తేకాని వేఱక్షరము గాదు. పంక్తి చివర సమాసమును విఱుచునపుడు, అవయవములు స్పష్టముగా నున్నచో నా సంధిస్థానముననే విఱువవలెనని వారి నియమము. సంధివలన నవయవములు కరగిపోవు మన సమాసములకు నియమ మంత సులభము గాదు.

కావున నుపాధ్యాయులు నల్లబల్లపై మూఁడు పంక్తులు వ్రాయింపుఁడు: మొదట లిపి, రెండవది యుచ్చారణము, మూఁడవది సంధి విడఁదీసిన పదములు. మా విద్యార్థి రెండవ పంక్తిలో "మల్" అని వ్రాసి, పైకిఁ జదివికొని, మరల నన్నడుగలేదు.