మన యింటి మూగజీవులు

మహాభారతము ఆదిపర్వమున ఒక చిన్న కథ కలదు. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా, సరమ యను దేవలోకపు శునకము కుమారుడైన సారమేయుడు ఆ చోటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టి తరిమిరి. వాడు ఏడ్చుచు తల్లికడకు పోయెను. సరమ యజ్ఞశాలకు వచ్చి, హవిస్సును తాకని, దానివంక కన్నెత్తియైన చూడని తన బిడ్డను ఏ నేరమునకు కొట్టితిరని అడిగెను. సమాధానము చెప్పినవారు లేరు. నిరపరాధిని బాధించినవారికి అనుకొనని భయము కలుగునని పలికి ఆమె వెడలిపోయెను. 11వ శతాబ్దమున నన్నయ తెలుగున భారతమును ఆరంభించినపుడు ఈ కథను విడువక చెప్పెను.

సరమకు మాట కలదు. కనుక ఆమె రాజునే నిలదీసి అడిగినది. మన యిండ్లలోని కుక్కలకు, పిల్లులకు మాట లేదు. ఆకలియైనను, దప్పికయైనను, నొప్పియైనను అవి మనతో చెప్పజాలవు. వాని అవసరములను మనమే తెలిసికొనవలెను.

అడవిలో తిరుగు మృగము దప్పికయైనచో వాగునకు పోవును. ఎండ ముదిరినచో పొదలో చేరును. తనకు తగిన ఆహారమును తానే వెదకికొనును. పెంపుడు జంతువునకు ఆ స్వేచ్ఛ లేదు. మనము పెట్టినదే దాని తిండి, మనము చూపినదే దాని చోటు. దాని మెడకు గొలుసు వేసిననాడే దాని కాళ్ళు చేయవలసిన పని మన చేతులపై పడినది. జంతువులయెడ దయ చూపుట మంచిదే; కాని పెంపుడు జంతువు విషయమున అది దయ మాత్రమే కాదు, తీర్చవలసిన ఋణము.

ఈ ఋణమెట్టిదో శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. 1965వ సంవత్సరమున ఇంగ్లండులో బ్రాంబెల్ కమిటీ యను సంఘము, మనుష్యులు పెంచు పశువులకు నిలుచుటకు, పండుకొనుటకు, ప్రక్కకు తిరుగుటకు, ఒడలు శుభ్రపరచుకొనుటకు, కాళ్ళు చాచుకొనుటకు తగిన చోటైన ఉండవలెనని చెప్పెను. 1979లో ఈ భావమును విస్తరించి అయిదు స్వేచ్ఛలుగా రూపొందించిరి. ఆకలి దప్పులు లేకుండుట, వసతి కలిగియుండుట, నొప్పియు రోగమును లేకుండుట, తన సహజ స్వభావము ననుసరించి మెలగగలుగుట, భయము లేకుండుట అనునవే ఆ అయిదు. మొదట పాడిపశువులను, కోళ్ళను ఉద్దేశించి చెప్పిన ఈ సూత్రములు మన యింటి పెంపుడు జంతువులకును చక్కగా వర్తించును.

మొదటిది ఆహారము, నీరు. మనకు రుచించునదెల్ల జంతువునకు మేలు చేయునని తలచుట పొరపాటు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తములోని ఎఱ్ఱకణములను పాడుచేయును. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్షలు వాని మూత్రపిండములను దెబ్బతీయగలవు. పిల్లలు ప్రేమతో పెట్టు చాకొలెట్టు కుక్కకు విషతుల్యము. ఉడికిన యెముకలు చీలి పెళుసు ముక్కలై గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును. పిల్లి సంగతి వేఱు. అది స్వభావముచేత మాంసాహారి. టారిన్ యను పోషకపదార్థమును అది తన శరీరములో చాలినంత తయారుచేసికొనలేదు. మాంసమునుండియు చేపలనుండియు పొందవలసినదే. అది కొరవడినచో పిల్లి కన్నులును గుండెయును చెడును. కనుక పెరుగన్నముతోనే పిల్లిని పెంచగోరువారు దానికి తెలియకయే కీడు చేయుచున్నారు. పిల్లికి పాలు ప్రియమే యైనను, పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగక విరేచనములగును. ఏ జంతువునకైనను అన్నివేళల అందవలసినది శుభ్రమైన నీరు. ఆ నీటిని దినదినము మార్చుచు, గిన్నెను తోముచుండవలెను.

రెండవది వసతి. వేసవిలో మన వీధులలో జరుగగల సంగతి యొకటి చెప్పెదను. ఉదయమున యజమాని కుక్కను ప్రహరీగోడ నీడలో కట్టివేసి పనికి పోవును. ఆ వేళ అచట చల్లగానే యుండును. ప్రొద్దెక్కినకొలది నీడ గోడ మొదటికి తగ్గిపోవును. గొలుసు పొడవు మాత్రము పెరుగదు. కాలు తగిలి నీళ్ళగిన్నె బోర్లపడును. యజమాని సాయంకాలము వచ్చి చూచుసరికి ఆ కుక్క నాలుక వ్రేలవేసి, లేవలేక పడియుండును. ఆయన క్రూరుడు కాడు. ఉదయమున తానే దానికి అన్నము పెట్టి, తల నిమిరి పోయినవాడు. నీడ కదలునను మాట మరచినాడు, అంతే. ఆ యొక్క మరపు ఒక ప్రాణమును తీయగలదు.

ఏలయన కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. దాని అరికాళ్ళలో మాత్రమే చెమట గ్రంథులు ముఖ్యముగా పనిచేయును. అది నోరు తెరచి వేగముగా రొప్పుచున్నపుడు నాలుకమీది తడి ఆవిరియై, ఆ ఆవిరితోపాటు శరీరములోని వేడి కొంత బయటికి పోవును. గాలియే మిక్కిలి వేడిగా నున్నపుడు ఈ ఉపాయము చాలదు. ఆరోగ్యముగల కుక్క శరీరోష్ణత సుమారు 101 మొదలు 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు వఱకు ఉండును. అది 105 డిగ్రీలు దాటినచో ప్రమాదము. అట్టి కుక్కను వెంటనే నీడకు చేర్చి, ఒడలిపై చల్లని నీరు పోసి, విసరుచు, కొంచెము కొంచెముగా నీరు త్రాగించి, పశువైద్యునికడకు తీసికొనిపోవలెను. మంచుదేశములలో పుట్టిన దట్టమైన బొచ్చుగల జాతికుక్కలను వేడుకకై మన యెండలలో పెంచుట వానికి నిత్యశిక్షయే. మన ఊరకుక్క మన గాలికి, మన యెండకు అలవాటుపడినది. దానిని చేరదీసినచో ఏ జాతికుక్కకును తీసిపోని విశ్వాసమును చూపును. నడివేసవిలో మధ్యాహ్నవేళ తారురోడ్డుపై కుక్కను నడిపింపరాదు. నడిపింపగోరువాడు ముందుగా తన అరచేతి వెనుకభాగమును కొన్ని క్షణములు రోడ్డుపై ఉంచి చూచుకొనుట మేలు. తన చేయి ఓర్వలేని వేడిని ఆ మూగజీవి పాదములును ఓర్వలేవు.

మూడవది ఆరోగ్యము. కుక్కపిల్లను, పిల్లికూనను సుమారు ఎనిమిది వారముల వఱకు తల్లినుండి వేఱుచేయరాదు. ఆపై పశువైద్యశాలకు కొనిపోయి, నులిపురుగులు పోవుటకు మందును, రోగములు రాకుండుటకు టీకాలను వేయింపవలెను. టీకాలలో ముఖ్యమైనది పిచ్చికుక్కవ్యాధిని నివారించునది. దీనిని సాధారణముగా పిల్లకు మూడు నెలలు నిండినపుడు వేసి, తరువాత వైద్యుడు చెప్పిన గడువు ప్రకారము మరల మరల వేయింతురు. ఈ వ్యాధి లక్షణములు మనుష్యునిలో ఒకమారు కనబడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసంభవము. అయినను ముందు జాగ్రత్తచే దీనిని నిశ్చయముగా తప్పించుకొనవచ్చును. 1885వ సంవత్సరము జులై 6వ తేదీన ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునికి తాను కనుగొనిన టీకామందు నిప్పించెను. ఆ బాలుడు బ్రతికెను. కుక్క కరచినచో గాయముపై కారముగాని, సున్నముగాని, పసుపుగాని పూయరాదు. సబ్బుతోను ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యుని చూడవలెను. పెద్దలు కోపింతురని భయపడి గాయమును దాచుట కంటె ప్రమాదకరమైన పని లేదు.

రోగము వచ్చినపుడు జంతువు దానిని చెప్పదు. కొన్ని జంతువులు దాచుకొనును. పిల్లి మిక్కిలి దాచుకొనును. అన్నము మానుట, మూలన చేరుట, ఒడలు నాకికొనుట మానివేయుట, ఎప్పుడును లేనిది కసరుట మొదలగునవి దాని భాష. ప్రతిదినము దానిని గమనించువానికే ఈ భాష తెలియును.

నాలుగవది స్వభావము. కుక్క గుంపులో బ్రతుకు జంతువుల సంతతికి చెందినది. తోడు లేనిది అది సుఖింపదు. రోజంతయు ఒంటిగా కట్టివేసిన కుక్క ఊరక మొరుగుచుండుటలో వింత లేదు. దానికి దినమునకు రెండుమారులైన నడకయు, కొంత ఆటయు కావలెను. పిల్లికి గోళ్ళు గీరుకొనుటకు ఒక కొయ్యదుంగయు, ఎత్తున కూర్చుండుటకొక చోటును, మలమును కప్పిపెట్టుకొనుటకు ఇసుకయు కావలెను. ఇసుక పళ్ళెమును ప్రతిదినము శుభ్రపరుపవలెను.

స్వభావమును గూర్చి చెప్పునపుడు పంజరములోని చిలుకను మరువరాదు. ఎగురుట చిలుక స్వభావము. పంజరము ఎంత పెద్దదైనను ఆకాశము కాదు. మన రామచిలుక వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుటయు, అమ్ముటయు, పంజరమున ఉంచుటయు నేరములు. నక్షత్ర తాబేలు విషయమునను ఇంతే. వీనిని పెంచుటకు సరియైన పద్ధతి యొక్కటే, అది పెంచకుండుటయే.

అయిదవది నిర్భయత. కొట్టి నేర్పిన పాఠమువలన కుక్క పాఠమును నేర్వదు, చేతిని చూచి భయపడుట నేర్చును. మెచ్చుకోలు మాటయు, చిన్న తినుబండారమును బెత్తము కంటె త్వరగా పని చేయును. మనము వినలేని సన్నని ధ్వనులను కూడ కుక్క వినగలదు. దీపావళినాడు మనకు ఉత్సాహము కలిగించు టపాకాయల మ్రోత దానికి పిడుగుపాటువలె తోచును. ఆ రాత్రి దానిని లోపలి గదిలో ఉంచి, తలుపులు మూసి, తెలిసినవారు ప్రక్కన కూర్చుండుట మేలు.

మన దేశమున ఈ ధర్మములకు చట్టము అండ కలదు. 1952లో రాజ్యసభ సభ్యురాలిగా నియమితురాలైన ప్రఖ్యాత నర్తకి రుక్మిణీదేవి అరండేల్, జంతువులను హింసించుటను మాన్పుటకై ఒక బిల్లును తెచ్చెను. ఆమె కృషి ఫలముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసెను. 1962లో ఏర్పడిన భారత జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకుండుట, మిక్కిలి పొట్టి గొలుసుతో చాలసేపు కట్టివేయుట, కదలుటకు వీలులేని పంజరమున ఉంచుట, ఎల్లప్పుడు కట్టియుంచిన కుక్కకు వ్యాయామము లేకుండ చేయుట, ఆకలిదప్పులకు గురియగునట్లు విడిచిపెట్టుట, ఇవన్నియు ఈ చట్టము దృష్టిలో నేరములే. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన ప్రాథమిక విధులలోను ప్రాణులయెడ కరుణ చూపుట ఒకటి.

బాలలారా! కుక్కపిల్ల ముద్దుగా నుండును. చూచినంతనే ఇంటికి తెచ్చుకొనవలెనని తోచును. అపుడొక లెక్క వేసికొనుడు. కుక్క సాధారణముగా 10, 12 ఏండ్లు బ్రతుకును. నేడు ఎనిమిదవ తరగతి చదువుచు దానిని తెచ్చుకొన్న బాలుడు, అది ముసలిదగునాటికి చదువు ముగించి ఏదో పనిలో ఉండును. అన్నాళ్ళు దానికి నీరు పెట్టువారెవరు? పరీక్షలనాడు నడిపించువారెవరు? ఊరికి పోయినపుడు చూచువారెవరు? వైద్యునికి ఇయ్యవలసిన సొమ్ము ఎచటిది? ఈ ప్రశ్నలకు ఇంటిల్లిపాది కలిసి సమాధానము చెప్పగలిగినచో సంతోషముగా తెచ్చుకొనుడు. చెప్పలేనిచో తెచ్చుకొనకుండుటయే దానికి చేయు మేలు. వాకిట మట్టి మూకుడులో పక్షులకు నీరుంచి, వీధికుక్కకు ఒక ముద్ద పెట్టువాడును జంతుప్రేమికుడే.

జనమేజయుని యజ్ఞశాలలో సరమ అడిగిన ప్రశ్నకు సమాధానము రాలేదు. మన పెరటిలో గొలుసుతో నున్న ప్రాణి ఆ ప్రశ్నను నోటితో అడుగలేదు. మధ్యాహ్నమైనపుడు ఒక్కమారు లేచి, నీడ ఎచట నున్నదో, గిన్నెలో నీరున్నదో లేదో చూచి వచ్చువాడే దానికి తగిన సమాధానము చెప్పినవాడు.